రెండువందల పదహారు గాజుముక్కలు

ఆ వీధికి అదృష్టం పట్టిందని మేయరుగారు మైకులో చెప్పే సమయానికి మేస్త్రి తన గుమ్మం మెట్టు మీద కూర్చుని తాపీకి అంటుకున్న సిమెంటు గీకుతున్నాడు.

"నగర పునరుద్ధరణ మండలాన్ని విస్తరిస్తున్నాం!" అన్నారు మేయరుగారు. ఆయన నిలబడింది వ్యాను మీద. "ఈ వీధిలో ఉన్న నలభై రెండు ఇళ్ళూ అందులో చేరబోతున్నాయి. ఇంతకాలం మిమ్మల్ని ఎవరూ పట్టించుకోలేదు. నేను పట్టించుకుంటున్నాను!"

చప్పట్లు వ్యాను లోపలినుంచి వచ్చాయి. మేయరుగారు ఎక్కడికి వెళ్ళినా చప్పట్లు వెంట తీసుకెళ్తారు. జనాన్ని శ్రమ పెట్టడం ఆయనకి ఇష్టం ఉండదు.

మండలం అంటే ఏమిటో ఆ వీధివాళ్ళకి ఎవరూ చెప్పనక్కర్లేదు. వీధికి ఒక కొసన గోడ ఉంది. గోడ అవతల మూడేళ్ళ కిందట మూడు వీధులుండేవి. మేయరుగారు వాటిని పునరుద్ధరించారు. ఇప్పుడక్కడ చదునైన నేల, నేల మీద గడ్డి, ఒక గేటు, గేటుకి తాళం ఉన్నాయి. తాళం పక్కన పెద్ద బోర్డు. బోర్డు మీద ఫౌంటెను బొమ్మ. ఎండకి బొమ్మలో నీళ్ళు ఇంకిపోయాయి గాని గొట్టం మాత్రం ఇంకా బాగానే కనబడుతుంది. ఇంత శుభ్రమైన పునరుద్ధరణ ఎక్కడా చూడలేదని పేపర్లు రాశాయి. నిజమే. అక్కడ వంక పెట్టడానికి ఏమీ మిగల్లేదు.

చిక్కల్లా అక్కడే వచ్చింది. మండలం నడవాలంటే మండలంలో శిథిల భవనాలు ఉండాలని రూలు. ఉన్నవన్నీ కూల్చేశాక శిథిలాలు లేవు. శిథిలాలు లేకపోతే మండలం రద్దు. మండలం రద్దయితే దాని విభాగం, విభాగానికున్న పదకొండు కుర్చీలు, జీపు, జీపు మీది లైటు అన్నీ రద్దు. రోగులందరూ పోయాక ఆస్పత్రి మూతపడ్డట్టు.

"శిథిలాలు లేవని చేతులు ముడుచుకుని కూర్చుంటామా?" అన్నారట మేయరుగారు. "వెతకండి!"

అలా వెతగ్గా వెతగ్గా గోడకి ఇవతల వీధి కనబడింది.

మేస్త్రి ఆ వీధిలో పదిహేడో ఇంట్లో ఉంటాడు. వారానికి ఆరు రోజులు పరాయివాళ్ళ గోడలు కట్టి, ఏడో రోజు తన గోడ కట్టుకున్నాడు. అలా పదకొండేళ్ళు పట్టింది. మిగతా నలభై ఒక్క ఇళ్ళలోనూ ఏదో ఒక రోజున ఆయన తాపీ తగలని గోడ లేదు. చేతికి తగ్గట్టు నోరు రాలేదు. రోజుకి పది మాటలు దాటితే ఆయనకి ఒంట్లో నలతగా ఉందేమోనని భార్య నుదురు పట్టి చూసేది.

వ్యాను వెళ్ళిపోయింది. భార్య గుమ్మంలోకి వచ్చింది.

"విన్నావా? మన ఇల్లు శిథిలమట."

"ఊఁ."

"ఊఁ ఏమిటి? పదకొండేళ్ళు ఇసక జల్లించింది నేను. నీళ్ళు మోసింది నేను. రెండు కాన్పులూ ఈ గోడల మధ్యనే అయ్యాయి, పైన కప్పు కూడా లేకుండా. నా కొంప మీదికి వ్యాను వేసుకొచ్చి శిథిలమంటాడా?"

"ఊఁ."

"ఏమయ్యా, నోట్లో సిమెంటు గాని పోసుకున్నావా?"

మేస్త్రి తాపీ ఎండకి పట్టి చూసుకున్నాడు. ఇంకా కొంచెం అంటుకుని ఉంది. మళ్ళీ గీకడం మొదలుపెట్టాడు. గీకే చెయ్యి మాత్రం మామూలుకంటే గట్టిగా పడుతోంది. అది భార్య ఒక్కతే గమనించింది.

*

మర్నాడు ఇంజనీరు వచ్చాడు. మెళ్ళో టేపు, చంకలో ఫైలు. ఆయన ఇరవై ఏళ్ళుగా అదే విభాగంలో ఉన్నాడు. మూడు వీధుల్ని ఒంటిచేత్తో శిథిలం అని రాసిన మనిషి. అలాంటివాడు ఆ వీధిలో పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా తిరిగి, గోడలు తట్టి, తలుపులు ఊపి, చివరికి మేస్త్రి ఇంటి ముందు చతికిలబడ్డాడు.

"మంచినీళ్ళు ఇవ్వమ్మా," అన్నాడు.

"శిథిలమైన ఇంట్లో నీళ్ళు తాగొచ్చా సార్?" అంది మేస్త్రి భార్య.

ఆయన తాగాడు. ఉద్యోగధర్మం వేరు, దాహం వేరు.

"ఒక్క బీట లేదు," అన్నాడు మేస్త్రి వైపు చూసి, ఎవరో మోసం చేసినట్టు. "నలభై రెండు ఇళ్ళు. ఒక్క బీటైనా ఉండొద్దా! నేను ఫారంలో ఏం రాయాలి?"

మేస్త్రి ఖాళీ గ్లాసు అందుకున్నాడు. తను కట్టినవాటికి, తను బాగుచేసినవాటికి బీటలు లేవంటే ఏం అంటాడు?

"సరే. పరీక్ష పెట్టాలి," అన్నాడు ఇంజనీరు. "గాజుముక్క పరీక్ష. తెలుసా?"

మేస్త్రికి తెలుసు. గోడ కదులుతోందో లేదో తెలియాలంటే, వేలెడంత సన్నని గాజుముక్క తీసుకుని రెండు కొసలూ సిమెంటు ముద్దతో గోడకి అతికించి, తేదీ వేసి వదిలేస్తారు. గోడ వెంట్రుకవాసి కదిలినా గాజు పటుక్కున విరుగుతుంది. మనిషి అబద్ధం చెబుతాడు గాని గాజు చెప్పదు.

"ఇంటికి ఐదు ముక్కలు. నలభై రోజులు. మూడు విరిగితే శిథిలం. రూలు," అన్నాడు ఇంజనీరు.

"బీట మీద అతికిస్తారండి," అన్నాడు మేస్త్రి. "బీట లేని గోడకి గాజు దేనికి?"

"బీట వస్తుందేమోనని. దీన్ని ముందుచూపు అంటారు. ఈ పని సరిగ్గా తెలిసినవాడివి ఊళ్ళో నువ్వొక్కడివేనట. రేపు ఆఫీసుకొచ్చి ముక్కలు తీసుకో."

మేస్త్రి సరేనన్నాడు.

ఇంజనీరు వెళ్ళగానే భార్య అంటుకుంది. "నీ ఇంటికి నువ్వే గొయ్యి తవ్వుతావా? ఊళ్ళో ఇంకెవడూ దొరకనట్టు నువ్వే ఒప్పుకోవాలా? నీ చేతులు విరిగిపోతాయా వద్దంటే?"

"ఇంకొకడైతే వంకరగా అతికిస్తాడు."

"అతికిస్తే?"

"వంకరగా ఉంటే దానంతటదే విరుగుతుంది."

భార్య లోపలికెళ్ళి ఆయన సంచీ, చిన్న తాపీ తెచ్చి గుమ్మం దగ్గర పెట్టింది.

*

గాజుముక్కలు డజన్ల లెక్కన వచ్చాయి. పద్దెనిమిది డజన్లు. ప్రతి ముక్క మీదా ఎర్ర రంగుతో నంబరు. ఒకటి నుంచి రెండువందల పదహారు దాకా. మేస్త్రి వీధి మొదట్నుంచి మొదలుపెట్టాడు. గోడ తడిపి, ముద్ద పెట్టి, గాజు ఆనించి, అది ఆరేదాకా పక్కనే నిలబడి, అప్పుడు రెండోదానికి కదిలేవాడు. ఇంజనీరు ఆయన వెనకే ఫైలు పట్టుకుని తిరిగాడు.

రెండో రోజున ఇంజనీరు గొంతు తగ్గించాడు. "మేస్త్రీ, అతికించేటప్పుడు కాస్త బిగించి అతికించు."

"అంటేనండి?"

"ఒక కొస ఆరనిచ్చి, రెండో కొస కొంచెం లాగి... నీకు నేను చెప్పాలా?"

"అలా చేస్తే విరిగిపోతుందండి."

"విరగనీవయ్యా. నీ ఇల్లు లిస్టులోంచి తీసేస్తాను. మాకు నలభై ఒకటి చాలు."

మేస్త్రి చేతిలో అప్పుడు ఎనభై ఎనిమిదో నంబరు గాజు ఉంది. అతికించాల్సింది దర్జీ ఇంటికి. తన ఇంటికి ఎదురిల్లే. లోపల దర్జీ మిషను తొక్కుతూ ఏదో పాట గొణుక్కుంటున్నాడు. మేస్త్రి ఎదురుగా ఉన్న తన ఇంటి కిటికీ చూశాడు. గాజు చూశాడు. ఎప్పటిలాగే తిన్నగా పెట్టి, ఆరేదాకా నిలబడ్డాడు.

"చెయ్యి రాదండి," అన్నాడు.

"ఏం, నొప్పా?"

"కాదండి. అలవాటు లేదు."

ఇంజనీరు ఫైల్లో 'మేస్త్రికి చెయ్యి నొప్పి' అని రాసుకున్నాడు. ఆ ఫారంలో అలవాటు అనే గడి లేదు.

నలభై రెండు ఇళ్ళూ పూర్తయ్యేసరికి రెండువందల పది అయ్యాయి. ఆరు ముక్కలు మిగిలాయి. మేస్త్రి వాటిని గుడ్డలో చుట్టుకుని ఆఫీసుకెళ్ళాడు. వీధికి రెండో కొసన ఉన్న మూడంతస్తుల భవనమే మేయరుగారి ఆఫీసు. దాన్ని ఏడేళ్ళ కిందట మేయరుగారి బావమరిది కాంట్రాక్టు తీసుకుని కట్టాడు. మేస్త్రి అక్కడ నాలుగు రోజులు పని చేశాడు. నాలుగో రోజున గోడకని కలిపిన సిమెంటు మాలు పిడికిట్లోకి తీసుకుని, పిడికిలి తెరిచి చూశాడు. మాలు వేళ్ళ సందుల్లోంచి పిండిలా రాలిపోయింది. "అంతా ఇసకే," అన్నాడు. "ఎక్కువ మాట్లాడేవాళ్ళు నా సైటులో వద్దు," అని బావమరిది ఆయన్ని ఇంటికి పంపేశాడు. జీవితంలో ఒక్కసారి మేస్త్రి ఎక్కువ మాట్లాడాడన్న పేరు అలా వచ్చింది.

"ఆరు మిగిలాయండి," అన్నాడు ఇంజనీరుతో.

ఇంజనీరు ముఖం మాడిపోయింది. "మిగలడమేమిటి? మిగలకూడదు. రిజిస్టర్లో 'ఇచ్చినవి' అని ఒక గడి, 'అతికించినవి' అని ఒక గడి. రెండే ఉన్నాయి. తిరిగొచ్చినవి రాయడానికి గడి లేదు."

"ఇంటికి పట్టుకుపోనా?"

"అది దొంగతనం."

"పారేయనా?"

"అది దుర్వినియోగం."

"మరి?"

"అతికించెయ్యి."

"దేనికండి?"

ఇంజనీరుకి అవతల భోజనం చల్లారిపోతోంది. "గోడకయ్యా! ఇదిగో, ఇది గోడ కాదా?" అని తన కుర్చీ వెనక గోడని అరచేత్తో చరిచాడు. గోడ పొడిపొడిగా కొంచెం దులుపుకుంది.

మేస్త్రి తిన్నగా అతికించాడు. వసారాలో రెండు. సమావేశాల హాల్లో రెండు. మేయరుగారి గదిలో రెండు. మేయరుగారు ఫోనులో ఉండి, ఇవేమిటని చెయ్యి ఊపారు.

"పునరుద్ధరణ సార్," అన్నాడు ఇంజనీరు.

"శభాష్," అన్నారు మేయరుగారు.

రిజిస్టర్లో ఆ ఆరింటికీ ఎదురుగా ఏ ఇంటి నంబరు రాయాలో ఇంజనీరుకి తోచలేదు. గడి ఖాళీగా వదిలితే ఆడిట్లో అడుగుతారు. నలభై రెండు తర్వాత వచ్చేది నలభై మూడు గనక, 'అదనపు ఆస్తి, నంబరు 43' అని రాసి, హాయిగా భోజనానికి వెళ్ళాడు.

*

ఇరవై రోజులు గడిచాయి. ఒక్క గాజూ విరగలేదు.

మేయరుగారు సమీక్ష పెట్టారు. ఆ సమీక్షలో టీ అందించిన మనిషి తర్వాత దర్జీకి ప్యాంటు కుట్టడానికిచ్చి, జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పాడు.

"ఎందుకు విరగడం లేదు?" అన్నారట మేయరుగారు.

"గోడలు కదలడం లేదు సార్."

"ఎందుకు కదలడం లేదు?"

"గట్టిగా ఉన్నాయి సార్."

"ప్రభుత్వానికి సహకరించకపోతే ఎలా? కదిలించండి!"

అప్పుడు బావమరిది గొంతు సవరించుకున్నాడు. "బావా, నా రోడ్డు రోలరు ఖాళీగా ఉంది. రోడ్డు వేస్తున్నామని చెప్పి ఆ వీధిలో నాలుగు రోజులు తిప్పితే సరి. వేసిన రోడ్డు మళ్ళీ వేయకూడదని రూలు లేదు గదా."

మేయరుగారు ఆయన్ని కౌగిలించుకున్నారట. ప్రజల ఇళ్ళ గురించి ఇంతగా తల బద్దలుకొట్టుకునే కుటుంబం మరొకటి ఉండదు.

రోలరు వచ్చింది. ఏనుగంత ఉంది. పొద్దున్నే గోడ దగ్గర మొదలై వీధి పొడుగునా దొర్లుకుంటూ వచ్చేది. వీధి ఇరుకు, అందులో తిరగడానికి చోటు లేదు. అందుకని నేరుగా ఆఫీసు ఆవరణలోకి వెళ్ళి, అక్కడ భవనం పునాది పక్కన గిర్రున తిరిగి, మళ్ళీ వీధిలోకి వచ్చేది. రోజుకి నలభైసార్లు. నాలుగు రోజులన్నది పద్దెనిమిది రోజులైంది.

వీధంతా పళ్ళు కదిలిపోయాయి. మేస్త్రి ఇంట్లో గిన్నెలు అలమరలో ఒకదాన్నొకటి పలకరించుకునేవి. దర్జీ వచ్చి గుమ్మంలో కూలబడ్డాడు.

"అన్నా, నేను కాలు పెట్టకముందే నా మిషను ఆడుతోంది. నిన్న ఒక చొక్కాకి మూడో చెయ్యి కుట్టేశాను. రేపు అందరం వెళ్ళి రోలరుకి అడ్డంగా పడుకుందామా?"

"వద్దు."

"ఎందుకని?"

"తిరగనీ," అన్నాడు మేస్త్రి.

"నీకేమన్నా మతిపోయిందా అన్నా? తిరిగితే మన ఇళ్ళు..."

"మన దగ్గర తిన్నగా పోతోంది," అన్నాడు మేస్త్రి. "తిరిగేది అక్కడ."

దర్జీకి అర్థం కాలేదు. మేస్త్రి అంతకంటే చెప్పలేదు. ఆనాటికి మాటలు అయిపోయినట్టున్నాయి.

ఆయన భార్య మొదట్లో ఆ గాజుముక్కల్ని చూస్తే మూతి తిప్పుకునేది. రోలరు వచ్చాక పొద్దున లేస్తూనే వాటి దగ్గరికే వెళ్ళేది. ఐదింటినీ పాతగుడ్డతో తుడిచి, దుమ్ము ఊది, "నిలబడండమ్మా," అని చెప్పి పనిలోకి దిగేది. కిటికీ మీద కూర్చునే పిల్లిని ఆ వైపుకి రానిచ్చేది కాదు. వీధిలో అందరూ అంతే. పొద్దున్నే పలకరింపు మారిపోయింది. బాగున్నారా అని ఎవరూ అడగడం లేదు. "ఐదూ ఉన్నాయా?" అంటే "ఐదూ ఉన్నాయి" అనేవారు.

*

నలభయ్యో రోజున పైఆఫీసు నుంచి ఒకావిడ వచ్చింది. పరిశీలకురాలట. తెల్ల జుట్టు, నల్ల సంచీ, నవ్వని ముఖం. మేయరుగారు, ఇంజనీరు, బావమరిది ఆవిడ వెంట నడిచారు. వాళ్ళ వెంట వీధి నడిచింది.

ఆవిడ ఒక్కొక్క గాజు దగ్గరా ఆగి, నంబరు చదివి, గోటితో తట్టి, టిక్కు పెట్టుకుంది. పదిహేడో ఇంటి దగ్గర మేస్త్రి భార్య ఊపిరి బిగబట్టింది. ఐదు టిక్కులు పడ్డాక వదిలింది. నలభై రెండో ఇల్లు అయ్యేసరికి రెండువందల పది టిక్కులు.

"ఒక్కటీ విరగలేదు," అంది ఆవిడ. "ఈ వీధి గట్టిది. మండలంలో చేర్చడానికి వీల్లేదు."

దర్జీ ఈల వేశాడు. మేస్త్రి భార్య ఏడ్చింది. మేస్త్రి తల గోక్కున్నాడు.

మేయరుగారు చెమట తుడుచుకున్నారు. "అయితే మా మండలం..."

"ఆగండి," అంది ఆవిడ కాగితం తిప్పుతూ. "ఇచ్చినవి రెండువందల పదహారు. నేను చూసినవి రెండువందల పది. ఈ నలభై మూడో ఆస్తి ఎక్కడ?"

ఇంజనీరు ఫైలు వెనక్కి దాచాడు. "మేడమ్, అది లెక్కలోకి రాదండి."

"నంబరు ఉందా?"

"ఉందండి."

"అయితే వస్తుంది. నడవండి."

నడిచారు. వసారాలో రెండు గాజులూ విరిగి ఉన్నాయి. సమావేశాల హాల్లో రెండూ విరిగి, ఒక్కొక్కటి మూడు ముక్కలై ఉన్నాయి. మేయరుగారి గదిలో ఒకటి విరిగి వేలాడుతోంది. రెండోది దోసెడు మాలుతో సహా ఊడివచ్చి మేయరుగారి కుర్చీలో కూర్చుని ఉంది. పద్దెనిమిది రోజులుగా ఆయన రోలరు పర్యవేక్షణలో ఉండి ఆ కుర్చీ ఎక్కలేదు గనక ప్రాణాలతో ఉన్నారు. ప్రజాసేవ ఎక్కడికీ పోదు.

పరిశీలకురాలు టిక్కులు పెట్టలేదు. ఆరు ఇంటూ గుర్తులు పెట్టింది. "మూడు విరిగితే చాలు. ఇక్కడ ఆరుకి ఆరు. నలభై మూడో ఆస్తి, శిథిలం."

బావమరిది పైకప్పు వైపు చూసి రెండడుగులు పక్కకి జరిగాడు.

ఇంకొకరైతే అక్కడే కుప్పకూలిపోయేవారు. మేయరుగారు గొప్ప నాయకులు. ఒక్క నిమిషం కళ్ళు మూసుకుని తెరిచారు.

"మేడమ్, అంటే శిథిలం దొరికినట్టేనా?"

"దొరికినట్టే."

"మండలం విస్తరించినట్టేనా?"

"ఒక ఆస్తి మేరకు విస్తరించింది."

"రద్దు కాదు గదా?"

"కాదు. కాని రేపట్నుంచి ఈ భవనంలో ఉద్యోగులెవరూ కూర్చోకూడదు. పరీక్ష చేసి గట్టివని తేలిన భవనాల్లోకి మారాలి. ఆలస్యమైతే మీదే బాధ్యత."

"గట్టివని తేలినవి," అని మేయరుగారు మెల్లగా అన్నారు. కిటికీలోంచి వీధి వైపు చూశారు. వీధిలో జనం ఇంకా ఒకరినొకరు అభినందించుకుంటున్నారు. "నలభై రెండున్నాయి!"

మూడు రోజుల్లో నోటీసులు వచ్చాయి. ఎవరి ఇల్లూ కూల్చరు. అది మేయరుగారి హామీ. అన్నిట్లోనూ ఆఫీసులు పెడతారు. దర్జీ ఇంట్లో పన్నుల విభాగం. పక్కింట్లో నీళ్ళ విభాగం. అన్నిటికంటే గట్టి ఇల్లు గనక పదిహేడో ఇంట్లో మేయరుగారి గది.

"ఇళ్ళవాళ్ళు ఎక్కడుంటారు సార్?" అని ఒక పేపరాయన అడిగాడు.

మేయరుగారు నొచ్చుకున్నారు. "రోడ్డున పడేస్తామా? మాకు మనసు లేదా? ఆఫీసు భవనం ఖాళీగానే ఉంది గదా, అందులో ఉంటారు."

"అది శిథిలం గదండీ?"

"ఉద్యోగులు ఉండకూడదని రాశారు. ప్రజలు ఉండకూడదని ఎక్కడ రాశారో చూపించు."

పేపరాయన కాగితం అటూ ఇటూ తిప్పాడు. ఎక్కడా రాయలేదు.

*

మేస్త్రి కుటుంబానికి మేయరుగారి పాత గది ఇచ్చారు. అది గౌరవం. భార్య పెద్ద బల్ల ఉండే చోట పొయ్యి పెట్టింది. మేస్త్రి పడకని గోడకి దూరంగా, గది నడిమధ్యకి లాగాడు. దర్జీ తన మిషను వసారాలో వేసుకున్నాడు గాని, మేస్త్రి మాట మీద నెమ్మదిగానే తొక్కుతున్నాడు.

ఒక మధ్యాహ్నం భార్య తమ ఇంటికి వెళ్ళొచ్చింది. మరిచిపోయిన రోలు తెచ్చుకుందామని.

"నా వంటింట్లోకి వెళ్ళడానికి నాకు టోకెను ఇచ్చారు," అంది. "నూట పదకొండో నంబరు. ఇవాళ నలభైతో ఆపేశారు. రేపు రమ్మన్నారు."

"ఊఁ."

"నా అలమరలో ఫైళ్ళు పెట్టారు. పిల్లి మాత్రం అక్కడే ఉంది. దాన్నెవరూ ఏమీ అనడం లేదు." పొయ్యిలో పుల్ల ఎగదోసింది. "నువ్వు ఆ రోజు కాస్త వంకరగా అతికించి ఉంటే, మన ఇల్లన్నా మనకి మిగిలేదేమో."

మేస్త్రి లేచి గోడ దగ్గరికెళ్ళి, మాలు ఊడిన చోట వేలు పెట్టాడు. వేలు రెండు కణుపుల దాకా దిగింది. తీసి, పంచెకి తుడుచుకున్నాడు.

మర్నాడు మేయరుగారు వచ్చారు. వెంట ఇంజనీరు, బావమరిది, ఇద్దరు పేపరువాళ్ళు, ఒక ఫొటోగ్రాఫరు. చేతిలో అద్దం బిగించిన పెద్ద ప్రశంసాపత్రం. అందులో 'రెండువందల పదహారు గాజుముక్కలను నిజాయితీగా అతికించి నగర పునరుద్ధరణకు బాట వేసిన మేస్త్రికి' అని బంగారు అక్షరాలతో ఉంది.

"నీలాంటివాళ్ళు పదిమంది ఉంటే ఊరు బాగుపడుతుందయ్యా," అన్నారు మేయరుగారు. "నీ ఇల్లు బ్రహ్మాండంగా ఉంది. నాకు అక్కడ నిద్ర కూడా పడుతోంది. ఇదిగో, దీన్ని ఈ గోడకే తగిలిద్దాం. ఏడేళ్ళు నేను కూర్చున్న చోటు. మేకు ఉందా?"

మేస్త్రి వేలి కణుపుతో గోడని ఒక్కసారి తట్టాడు. చెవి ఆనించి విన్నాడు.

"ఉందండి," అన్నాడు. సంచీలోంచి నాలుగంగుళాల మేకు, సుత్తి తీశాడు. మేయరుగారికి అందించాడు. "మీ చేత్తో కొడితే బాగుంటుందండి."

"చూశారా? మనసున్న మనిషి!" అన్నారు మేయరుగారు పేపరువాళ్ళ వైపు తిరిగి. చొక్కా చేతులు మడుచుకున్నారు.

మేస్త్రి భార్య వైపు చూశాడు. "పొయ్యి బయటపెట్టు."

ఆమె ఎందుకని అడగలేదు. ముప్ఫై ఏళ్ళుగా ఆయనతో కాపురం చేస్తోంది. పొయ్యి ఎత్తుకుంది. వసారాలో మేస్త్రి దర్జీ భుజం తట్టాడు. దర్జీ మిషను నెత్తినపెట్టుకుని మెట్లు దిగాడు. మేస్త్రి ఒక్కొక్క తలుపూ తట్టుకుంటూ పోయాడు. మాట్లాడలేదు, బయటికి వేలు చూపించాడు. ముసలివాళ్ళు, పిల్లలు, గిన్నెలు, పరుపులు అన్నీ ఆవరణ దాటి వీధిలోకి వచ్చేశాయి. ఇంజనీరుకి ఏదో ముఖ్యమైన ఫోను గుర్తొచ్చింది. పేపరువాళ్ళు జనాన్ని చూసి వార్త బయటే ఉందనుకున్నారు. ఫొటోగ్రాఫరు వెలుతురు చాలదంటూ వెనక్కి నడుస్తూ నడుస్తూ గేటు దాటాడు.

వాళ్ళందరూ వచ్చేసరికి వీధిలో అప్పటికే ఒకడు నిలబడి ఉన్నాడు. ఆ భవనం కట్టిన బావమరిది. మేస్త్రి సుత్తి తీసినప్పుడే ఆయన వచ్చేశాడట.

మేస్త్రి ఒక్కడే తిరిగి గుమ్మం దాకా వెళ్ళాడు. లోపల మేయరుగారు పత్రం ఏ ఎత్తున బాగుంటుందో ఇంకా తేల్చుకోలేక, ఎడం చేత్తో మేకు ఆనించి, కుడి చేత్తో సుత్తి ఎత్తి పట్టుకుని, గోడకేసి తేరిపార చూస్తున్నారు.

"ఎక్కడ కొట్టమంటావు మేస్త్రీ? ఇక్కడా, కొంచెం పైనా?"

మేస్త్రి గుమ్మం బయటికి ఒక అడుగు వేశాడు.

"ఎక్కడైనా ఒకటేనండి," అన్నాడు.